ముప్పై అయిదో కిలోమీటరు అవతల

గురువారం, ఏప్రిల్ 13. సాయంత్రం 5.41.

వార్నీరా పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

సార్జెంట్ ఇర్మా నోబ్లెట్ వెంటనే అందుకుంది. ఆ రోజంతా ఆ గదిలో ఫోన్ మోగింది మూడే మూడు సార్లు. ఇది మూడోది.

"అమ్మాయ్, నేను ఎల్వాని. డెస్ హార్ట్‌విగ్ వాళ్ళ అక్కని."

ముసలి గొంతు. వణకడం లేదు. వణక్కపోవడం వల్లే ఇర్మాకి భయం వేసింది.

"చెప్పండి, ఎల్వా గారూ."

"గాలిమర కింద పడున్నాడు. చల్లబడిపోయాడు. నేనిప్పుడే ఇంటికొచ్చి ఫోన్ చేస్తున్నా. అక్కడ వాడి దగ్గర ఎవరూ లేరమ్మా. తొందరగా రా."

ఇర్మా అంబులెన్స్‌కి ఫోన్ చేసి, టోపీ పెట్టుకుని బయటపడింది. తాళం వేయడం మర్చిపోయింది. ఆ స్టేషన్‌కి ఆమె ఒక్కతే. రెండో ఉద్యోగి బదిలీ అయి ఎనిమిది నెలలు. బదులు ఎవరినీ పంపలేదు.

ఊరి వెనక డింగో కొండ. కొండ మీద ఫోన్ టవర్. అక్కణ్ణుంచి రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టు ఉత్తరానికి పోతుంది. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర డెస్ ఇల్లు. ముప్పై ఒకటి దగ్గర గొర్రెలకి నీళ్ళు తోడే అతని గాలిమర. నలభై ఒకటి దగ్గర అతని నేల అయిపోయే సరిహద్దు గేటు. నలభై నాలుగు దగ్గర రాస్ పెంగిల్లీ ఇల్లు. ఒకప్పుడు ఆ రోడ్డు మీద పదకొండు కుటుంబాలుండేవి. ఇప్పుడు డెస్, రాస్ ఇద్దరే. ఇద్దరికీ పెళ్ళాం లేదు. పిల్లలు లేరు.

6.07కి ఇర్మా చేరేసరికి అంబులెన్స్ ముందే వచ్చి ఉంది. చేయడానికేం లేక పక్కన ఆగి ఉంది.

డెస్ గాలిమర అడుగున లేడు. అక్కణ్ణుంచి ఇరవై అడుగుల దూరంలో, గొర్రెలు నీళ్ళు తాగే తొట్టి పక్కన ఉన్నాడు. మధ్యలో ఎర్రమట్టి మీద పొడుగ్గా ఒక చార. నీడ కోసం పాకుతూ వెళ్ళాడు.

ఇర్మా మోకాళ్ళ మీద కూర్చుంది.

అరవై మూడేళ్ళ మనిషి. ఎడమ తొడ విరిగింది. చేతులకి గ్రీజు. కుడి చేతిలో ఫోన్. ఇటుకంత పాత అనలాగ్ ఫోన్. అది ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద రెండే రెండు మాటలు.

సర్వీస్ లేదు.

ఆ రోజే మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఆ జిల్లాలో అనలాగ్ సర్వీస్ ఆపేశారు. ఏడాదిగా కాగితాలు పంచుతూనే ఉన్నారు. ఊళ్ళో చాలామంది డిజిటల్ ఫోన్లకి మారారు. డెస్ మారలేదు.

ఇర్మా గ్లవ్స్ తొడుక్కుని ఫోన్ తీసింది. వెనక టేపుతో అతికించిన కాగితం ముక్క. దాని మీద పెన్సిల్‌తో ఒక నంబరు. చివరగా డయల్ చేసిన నంబరు చూసింది. అత్యవసర నంబరు కాదు. ఆ కాగితం మీది నంబరే.

లేచి గాలిమర చుట్టూ తిరిగింది. చక్రం కదలడం లేదు. కింద బ్రేకు లివరు లాగి ఉంది. గొలుసుతో గట్టిగా కట్టి ఉంది. అంతా పద్ధతిగా ఉంది. పైకెక్కే ముందు ఎవరైనా అలాగే కడతారు.

కాలు జారింది. పడ్డాడు. ఫోన్ పలకలేదు. చనిపోయాడు.

అంతే అనిపించింది.

* * *

6.30కి రాస్ పెంగిల్లీ వచ్చాడు. ఎల్వా అతని ఇంటికి ఫోన్ చేసి చెప్పిందట. టోపీ తీసి, రెండు చేతులతో పట్టుకుని, తొట్టి వైపు చూడకుండా నిలబడ్డాడు.

"ఈ పాత డొక్కు పారెయ్యరా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా, సార్జెంటమ్మా. వింటేనా?"

"ఈ కాగితం మీది నంబరు నీదేనా రాస్?"

అతను కాగితం చూశాడు. ఎక్కువసేపే చూశాడు.

"నాదే. కొత్త నంబరు. మంగళవారం కొన్నా. ఇంటి ఫోన్‌లో చెప్తే రాసుకున్నాడు." జేబులోంచి చిన్న డిజిటల్ ఫోన్ తీశాడు. "చూడు. గేటు దగ్గర కూడా నిండా అయిదు సిగ్నల్ గీతలు వస్తున్నాయి. వాడిక్కూడా ఇదే కొనుక్కోమన్నా."

"ఇవాళ నువ్వటే ఉన్నావుగా. గేటు దగ్గర."

"ఆఁ. నీకు ఫోన్ చేశాగా. గొర్రెలు రోడ్డెక్కాయని."

"చేశావు."

"అప్పుడు నేనిటొచ్చి ఉంటే..."

ఎల్వా ఇంటి నుంచి దుప్పటి తెచ్చింది. స్ట్రెచర్ మీద తమ్ముడికి కప్పింది. కాళ్ళ దగ్గర దోపింది. చిన్నపిల్లలకి దోపినట్టు.

* * *

శుక్రవారం ఉదయం ఊరంతా ఒకటే మాట. డెస్‌ని ఫోన్ కంపెనీ చంపింది.

బేకరీలో అదే. పెట్రోల్ బంకులో అదే. హోటల్ డైనింగ్ హాల్లో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. అక్కడ మూలన జోరాన్ ఒక్కడే కూర్చుని గుడ్లు తింటున్నాడు. అతను టవర్ టెక్నీషియన్. అనలాగ్ పరికరాలు విప్పి తీసుకెళ్ళడానికి నగరం నుంచి వచ్చాడు. అతని చుట్టూ నాలుగు బల్లలు ఖాళీ.

ఇర్మా కాఫీ తీసుకుని అతని ఎదురుగా కూర్చుంది.

అతను తలెత్తాడు. "అరెస్టు చేయడానికొచ్చారా మేడమ్?"

"కాఫీ తాగడానికొచ్చాను."

"నిన్న పన్నెండింటికి స్విచ్ తిప్పింది ఈ చెయ్యే." ఫోర్కు కింద పెట్టాడు. "తిప్పే ముందు మీటర్ చూశాను. ఒక్క కాల్ నడుస్తోంది. అది అయ్యేదాకా ఆగుదామనుకున్నా. వాళ్ళు పెట్టెయ్యలేదు. చాలాసేపు చూశా. చివరికి ఆపేశా."

"ఎవరిదా కాల్?"

"మాకు తెలీదు మేడమ్. లైటు వెలుగుతుంది. అంతే."

10.15కి డాక్టర్ సెల్వ ఫోన్ చేశాడు.

"సార్జెంట్, మూడు సంగతులు. ఒకటి, పడగానే పోలేదు. లోపల రక్తం కారింది. నెమ్మదిగా. రెండు గంటలు బతికున్నాడు. పోయింది సుమారు నాలుగింటికి."

"అంటే పడింది రెండింటికి."

"అటూ ఇటూగా. రెండోది, అరగంటలో సాయం అంది ఉంటే బతికేవాడు. ఇది నేను కోర్టులో కూడా చెప్తాను."

ఇర్మా పెన్ను ఆగింది. "మూడోది?"

"పడింది ఎడమ వైపు. కానీ వీపు మీద ఇంకో దెబ్బ ఉంది. రెండు భుజాల మీదుగా అడ్డంగా. సరళరేఖలాగా. చొక్కాకి గ్రీజు, ఇనప రేకు గీరిన గుర్తు. నేల మీద అలాంటిదేం లేదు కదా?"

"లేదు."

ఫోన్ పెట్టేసి ఇర్మా గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత కారు తీసింది.

11.05. గాలిమర కింద నిలబడి తలెత్తింది.

పైన చక్రం. వెనక పొడుగాటి రేకు తోక. బ్రేకు లాగితే తోక ముడుచుకుని చక్రం పక్కకి వస్తుంది. గాలి పట్టదు. బ్రేకు వదిలితే స్ప్రింగు ఆ తోకని ఒక్క ఉదుటున విసురుతుంది. దారిలో మనిషి ఉంటే?

ఇర్మా గొలుసు విప్పింది. లివరు వదిలింది.

తోక గిర్రున తిరిగింది. పైన గ్రీజు పెట్టేవాడు నిలబడే బల్ల మీదుగా, మనిషి భుజాల ఎత్తులో.

మళ్ళీ లివరు లాగింది. బలంగా లాగాల్సి వచ్చింది. గొలుసు కట్టింది.

నిన్న ఆమె వచ్చినప్పుడు ఈ గొలుసు కట్టే ఉంది. పైనున్న మనిషి కట్టలేడు. తొడ విరిగిన మనిషి కట్టలేడు.

ఎవరో వదిలారు. ఎవరో మళ్ళీ కట్టారు.

ఇది ప్రమాదం కాదు.

* * *

డెస్ వంటింట్లో ఎల్వా టీ పోసింది. బల్ల మీద మూడు అట్టపెట్టెలు. ఒకదాంట్లో కప్పులు, పత్రికలతో చుట్టి.

"ఇవి వాడే సర్దాడు," అంది. "శనివారం బయల్దేరాలి మేం. సముద్రం దగ్గర మా ఇంట్లో పైగది ఖాళీ. గొర్రెలు అమ్మేశాడు. ఇరవై ఏళ్ళు అడిగితే ఇన్నాళ్ళకి సరేనన్నాడు."

"ఎవరికి తెలుసు ఈ సంగతి?"

"నాకూ వాడికీ."

"రాస్‌కి?"

"ఎలా చెప్పాలో తెలీట్లేదక్కా అన్నాడు. బుధవారం రాత్రంతా అదే గొణుగుడు."

"నిన్న రెండింటికి మీరెక్కడున్నారు?"

ఎల్వా కెటిల్ దింపి ఆమె కేసి చూసింది. "నన్నడుగుతున్నావా అమ్మాయ్?"

"అందర్నీ అడగాలి ఎల్వా గారూ."

"ఇక్కడే. ఒంటిగంటకి భోజనం పెట్టుకుని కూర్చున్నా. రాలేదు. నా చేతి ఫోన్ మా ఊళ్ళో పనిచేస్తుంది. అది వేరే రకమట. ఇక్కడి టవర్‌కీ దానికీ పొసగదట. ఇదిగో, ఈ గోడ ఫోన్ లోంచి వాడి నంబరుకి చేస్తూనే ఉన్నా. ప్రతిసారీ ఒకటే ఆడపిల్ల గొంతు. ఈ సర్వీస్ ఇక అందుబాటులో లేదు అని. మర్యాదగా చెప్తుంది. ఎన్నిసార్లు చేశానో."

"వెతకడానికి అయిదింటిదాకా ఎందుకాగారు?"

"గ్రీజు పెట్టడానికి వెళ్ళాడు. ఇద్దరూ కలిస్తే కబుర్లలో పడతారు, ఆలస్యమవుతుంది అనుకున్నా."

"ఇద్దరూ అంటే?"

"ఎప్పుడూ రాస్ వచ్చేవాడుగా సాయానికి. నిన్న రాలేదట. ఫోన్‌లో చెప్పాడు. గేటు దగ్గరే ఉన్నాడట రోజంతా."

ఇర్మా టీ చల్లారిపోయింది.

* * *

శనివారం ఉదయం 9.30కి రాస్ స్టేషన్‌కి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా.

"డెస్‌ని ఎప్పుడు చూశావు ఆఖరుసారి?"

"ఆదివారం."

"గురువారం గ్రీజు పెట్టడానికి వెళ్ళలేదా?"

"లేదు. కంచె తెగింది. రోజంతా అక్కడే సరిపోయింది."

"గేటు దాటి ఇటు రాలేదా?"

"అడుగు పెట్టలేదు. నువ్వు ఫోన్లు రాసుకునే పుస్తకంలోనే ఉంటుందిగా సార్జెంటమ్మా."

ఉంది. ఆమె చేతిరాతలోనే ఉంది.

2.12. రాస్ పెంగిల్లీ. సరిహద్దు గేటు నుంచి. గొర్రెలు రోడ్డు మీద. తోలేశానన్నాడు. వెళ్ళక్కర్లేదు.

ఇర్మాకి ఆ కాల్ బాగా గుర్తుంది. పన్నెండు తర్వాత ఊరు మూగబోయింది. ఫోన్ మోగగానే ప్రాణం లేచొచ్చింది. అవతల రాస్ పేరు చెప్పాడు. తర్వాత కొన్ని సెకన్లు మాట లేదు. గాలి చప్పుడు మాత్రం. కొత్త ఫోన్ కదా, చెవి దగ్గర ఎలా పెట్టుకోవాలో తెలీట్లేదేమో అనుకుంది.

గేటు నుంచి గాలిమరకి పది కిలోమీటర్లు. 2.12కి గేటు దగ్గరున్న మనిషి రెండింటికి గాలిమర దగ్గర ఉండి ఉండవచ్చు. కష్టపడి బండి తోలితే. కానీ ఎల్వా అప్పుడు గోడ ఫోన్‌కీ వాకిట్లో ఆరేసే బట్టలకీ మధ్య తిరుగుతోంది. ఆ రోడ్డు మీద ధూళి కనబడలేదంది. ఒకటిన్నర నుంచి 2.20 దాకా ఉత్తరం వైపు ఏ బండీ పోలేదు.

అంటే రాస్ నిజమే చెబుతున్నాడు. సాక్షి ఎవరో కాదు. ఇర్మాయే.

సోమవారం 11.40కి ఫోన్ కంపెనీ రికార్డులు ఫ్యాక్స్‌లో వచ్చాయి. ఎల్వా గోడ ఫోన్ నుంచి డెస్ నంబరుకి ఒంటిగంట నుంచి అయిదింటి మధ్య పద్నాలుగు కాల్స్. 2.04, 2.11, 2.19. ఆమె ఇల్లు కదలలేదు.

రాస్ కాల్ ఒక్కటే. 2.12. నిమిషం యాభై సెకన్లు. డింగో కొండ టవర్ మీదుగా.

జిల్లాలో ఉన్నది అదొక్కటే టవర్. గేటు నుంచి చేసినా అదే. గాలిమర నుంచి చేసినా అదే.

ఇర్మా ఫ్యాక్స్ మడిచింది. అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. అయినా గొలుసు మాత్రం కట్టి ఉంది.

మధ్యాహ్నం మూడింటికి గేటు దాకా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే స్పష్టంగా తెలియదు. గేటుకి ఆనుకుని నిలబడింది. రెండు వైపులా ఎండిన గడ్డి. మనిషి జాడ లేదు. కంచె చూసింది. ఎక్కడా కొత్త తీగ కనబడలేదు. కానీ కంచె పొడుగు ఎన్నో మైళ్ళు.

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన డిజిటల్ ఫోన్ తీసింది. అయిదు గీతలు. నిండుగా. రాస్ చెప్పింది నిజమే.

పోర్ట్ హైలాండ్‌లో ఉన్న చెల్లెలికి చేద్దామనుకుంది. మాట్లాడి నెల దాటింది. నంబరు నొక్కింది.

కాల్ విఫలమైంది.

మళ్ళీ నొక్కింది. విఫలమైంది.

స్టేషన్‌కి చేసింది. విఫలమైంది. ఫోన్ ఆపి, వెలిగించి, మళ్ళీ చేసింది. అయిదు గీతలూ అలాగే ఉన్నాయి. కాల్ మాత్రం పోవడం లేదు.

మామూలు రోజయితే తిట్టుకుని జేబులో పెట్టుకునేది.

గంటలో డింగో కొండెక్కింది. జోరాన్ ఇనప పెట్టెలు ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు.

"సిగ్నల్ నిండా ఉంది. కాల్ పోవడం లేదు. ఎందుకు?"

"ఎక్కణ్ణుంచి మేడమ్?"

"సరిహద్దు గేటు. నలభై ఒకటో కిలోమీటరు."

జోరాన్ నవ్వాడు. వారంలో మొదటిసారి. "అక్కణ్ణుంచి పోదు. ఎప్పటికీ పోదు."

"అయిదు గీతలున్నాయిగా?"

"గీతలంటే టవర్ మాట మీకు వినబడుతోందని. మీ మాట టవర్‌కి అర్థమవుతోందని కాదు." పెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. "పాత అనలాగ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో దారి. గొంతు ఎంత దూరం చేరితే అంత దూరం. డిజిటల్ అలా కాదు. ఒకే దారిలో ఎనిమిది మంది. వంతుల వారీగా మాట్లాడాలి. ఒక్కో వంతు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. దూరంగా ఉన్నవాడి మాట వచ్చేసరికి ఆలస్యమవుతుంది. అందుకని టవర్ వాడికి చెప్తుంది, నువ్వు కాస్త ముందే మొదలుపెట్టు అని. ఆ కాస్తకి ఒక హద్దుంది. అది దాటితే వాడి మాట పక్కవాడి వంతులోకొచ్చి పడుతుంది. టవర్ పట్టించుకోదు."

"ఆ హద్దు ఎంత?"

"ముప్పై అయిదు కిలోమీటర్లు. ఎక్కువ దూరానికి సర్దిన టవర్లు వేరే ఉన్నాయి. ఇది కాదు. సర్దింది నేనే."

"ముప్పై ఆరయితే?"

"మీరెంత అరిచినా ఒకటే మేడమ్."

ఇర్మా ఉత్తరం వైపు చూసింది. కొండ మీంచి రోడ్డంతా కనబడుతోంది. ఒక్క బండి లేదు.

* * *

మంగళవారం ఉదయం 11 గంటలు. సరిహద్దు గేటు.

ముగ్గుర్నీ అక్కడికే రమ్మంది. ఎల్వా కారులోంచి దిగలేదు. తలుపు తెరిచి, కాళ్ళు బయటపెట్టి కూర్చుంది. జోరాన్ తన ట్రక్కుకి ఆనుకున్నాడు. రాస్ గేటుకి అవతల, తన నేల మీద నిలబడ్డాడు. అతని ముసలి కుక్క కాళ్ళ దగ్గర పడుకుంది.

"ఎవరెవరు ఎక్కడున్నారో ఆఖరుసారి రాసుకోవాలి," అంది ఇర్మా. "రాస్, నాకు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా ఎక్కడ నిలబడ్డావ్?"

"ఇక్కడే."

"ఈ ఫోనేనా?"

"ఇదే."

"సిగ్నలుందా ఇప్పుడు?"

"అయిదు గీతలు. చెప్పాగా."

"స్టేషన్‌కి చెయ్యి."

"నువ్విక్కడున్నావు. అక్కడెవరెత్తుతారు?"

"మోగితే చాలు."

రాస్ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. తీసి తెర చూశాడు. మళ్ళీ నొక్కాడు. గేటు దిమ్మ ఎక్కి నిలబడి నొక్కాడు. చేయి పైకెత్తి నొక్కాడు. ఏడుసార్లు.



"ఇవాళ ఏదో తేడాగా ఉంది," అన్నాడు.

"తేడా ఏం లేదు. జోరాన్, చెప్పండి."

జోరాన్ నేల చూస్తూ చెప్పాడు. కొండ మీద చెప్పినదే. ఇంకా తక్కువ మాటల్లో.

"నలభై నాలుగో కిలోమీటరులో నీ ఇల్లు," అంది ఇర్మా. "మంగళవారం ఫోన్ కొన్నావు. గీతలు చూసుకుని మురిసిపోయావు. ఇక్కణ్ణుంచి ఒక్క కాల్ కూడా చేసి చూడలేదు. ఇంట్లో వేరే ఫోన్ ఉంది కాబట్టి అవసరం రాలేదు. అనలాగ్ ఇక్కడ పలికేది. ఇదీ పలుకుతుందనుకున్నావు. కానీ గురువారం 2.12కి నీ కాల్ నాకు చేరింది, రాస్. నిమిషం యాభై సెకన్లు మాట్లాడుకున్నాం. అంటే నువ్వు ముప్పై అయిదో కిలోమీటరుకి ఇవతల ఉన్నావు. అక్కణ్ణుంచి ఊరిదాకా ఉన్నదంతా డెస్ నేల. గేటు దాటి అడుగు పెట్టలేదన్నావు."

రాస్ పెదవులు కదిలాయి.

"నువ్వు మాట్లాడక్కర్లేదు. మాట్లాడితే రాసుకుంటాను. కోర్టులో చెప్తాను. తెలుసుగా?"

"దారిలో... దారిలో ఎక్కడో..."

"బ్రేకు వదిలితే ఏమవుతుందో చూశాను. మళ్ళీ కట్టాలంటే కింద మనిషి ఉండాలి." ఇర్మా గొంతు తగ్గించింది. "ఇంకొకటి. డెస్ ఆఖరుగా నొక్కింది అత్యవసర నంబరు కాదు. నీ నంబరు. తొట్టి దాకా పాకి, అక్కణ్ణుంచి. నువ్వు సాయం తేవడానికే వెళ్ళావనుకున్నాడు."

రాస్ టోపీ కింద పడింది. తీసుకోలేదు. గేటు కమ్మీ పట్టుకుని నెమ్మదిగా నేల మీదకి జారి కూర్చున్నాడు. కుక్క లేచి నిలబడింది.

"నలభై ఏళ్ళు," అన్నాడు. "వాడెక్కితే నేను లివరు దగ్గర. నేనెక్కితే వాడు. పైన గ్రీజు పెడుతూ చెప్పాడు. శనివారం వెళ్ళిపోతున్నా, గొర్రెలు కూడా అమ్మేశా అని. కిందికి దిగి చెప్పలేదు. నా మొహం చూసి చెప్పలేక పైనుంచి చెప్పాడు. నాకు వీపు పెట్టి."

"నువ్వేం చేశావు?"

"గొలుసు నా చేతిలోనే ఉంది." తన అరచేతులు చూసుకున్నాడు. "బెదిరిద్దామనుకున్నానని చెప్పొచ్చు నీకు. నాకే తెలీదు సార్జెంటమ్మా. చెయ్యి వదిలేసింది."

ఎల్వా బయటపెట్టిన కాళ్ళు కారులోపలికి తీసుకుంది.

"వాడు కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. బ్రేకు మళ్ళీ కట్టా. ఎందుకో. అలవాటు. నీకు ఫోన్ చేశా. ఒట్టు. డెస్ పడ్డాడు రమ్మని చెప్దామనే చేశా."

"చెప్పలేదేం?"

"నువ్వెత్తావు. నేను రాస్‌ని అన్నా. 'రాస్! హమ్మయ్య, ఇవాళ ఒక్కళ్ళకైనా నేను గుర్తొచ్చాను, ఏంటి సంగతులు?' అన్నావు. అంత సంతోషంగా. ఎలా పడ్డాడని అడుగుతావు కదా తర్వాత. నోట్లోంచి గొర్రెలని వచ్చింది. అంతే. ఒకసారి వచ్చాక ఇంక మార్చలేకపోయా. బండెక్కా. వాడప్పటికే తొట్టి నీడకి పాకాడు. నన్ను చూసి 'రాస్' అన్నాడు. వినబడనట్టు పోయా."

"ఎల్వా గారు ఆ వేళ రోడ్డు మీద బండి చూడలేదే?"

"రోడ్డెక్కలేదు. పొలాల్లోంచి వెనక దారిన వచ్చేశా."

గాలికి గేటు గొలుసు చప్పుడయింది. జోరాన్ ట్రక్కు అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇర్మా రాస్‌ని లేపింది. సంకెళ్ళు వేయలేదు. అతను లేచి, కుక్కని చూసి, "దీనికెవరు తిండి పెడతారు?" అన్నాడు. ఎవర్నీ అడిగినట్టు కాదు.

ఎల్వా కారు దిగింది. గేటు తీసి అవతలికి నడిచి, కుక్క మెడపట్టీ పట్టుకుంది. రాస్ వైపు చూడకుండా తన కారు వెనక సీట్లో ఎక్కించింది. తర్వాత వెనక్కి వచ్చి గేటు వేసింది.

పోలీసు కారు దక్షిణానికి తిరిగింది. నలభై. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది. వెనక సీట్లో రాస్ కిటికీలోంచి చూస్తున్నాడు. తన పక్కింటివాడి నేల అంతా ఖాళీగా వెనక్కి పోతోంది. పొలంలో ఒక్క గొర్రె లేదు.

"సార్జెంటమ్మా."

"ఊఁ."

"అప్పుడు చెప్పి ఉంటే, టైముకి వచ్చి ఉండేదానివా?"

ఇర్మా అద్దంలో చూసింది. రాలేకపోయేదాన్ని అని ఒక్క మాట అంటే చాలు. అతనికి కొంచెం తేలికవుతుంది. తనకీ తేలికవుతుంది. ఆ రోజు ఫోన్ ఎత్తి నవ్వింది తనే కదా.

"ఇరవై అయిదు నిమిషాలు," అంది. "అంబులెన్స్ ఖాళీగానే ఉంది రాస్. నేనూ ఖాళీగానే ఉన్నా."

అతను తలూపాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.